హెడ్‌ఫోన్లలో మోగే ‘ఆల్ఫా’ శబ్దాల కథ



పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, మన హాస్టల్ గ్రూపుల్లో "ఇది పెట్టుకుని చదువు, ఇది పెట్టుకుని పడుకో" అంటూ వీడియోలు తిరుగుతుంటాయి. కొన్ని యాప్‌లైతే నెలనెలా డబ్బులు అడుగుతున్నాయి. వీటి పేరు బైనారల్ బీట్స్. మనం కొత్త టెక్నాలజీ అనుకుంటాం గానీ సంగతి 180 ఏళ్ల కిందటిది.

1839లో జర్మన్ శాస్త్రవేత్త డోవ్ ఓ వింత గమనించాడు. ఎడమ చెవికి 400 హెర్ట్జ్, కుడి చెవికి 410 హెర్ట్జ్ స్వరం వినిపించామనుకోండి. సెకనుకు 10 సార్లు ఊగే మోత ఒకటి వినిపిస్తుంది. అది బయట ఎక్కడా లేదు! రెండు చెవుల కబుర్లు కలిసే చోట, మెదడు కాండంలో పుడుతుంది. అందుకే ఫోన్ స్పీకర్లో పెడితే లాభం లేదు, స్వరాలు గాలిలోనే కలిసిపోతాయి.

చాలాకాలం దీన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1929లో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్ తరంగాల గురించి ప్రచురించాడు. కళ్లు మూసుకుని ఊరికే ఉన్నప్పుడు సెకనుకు 10 సార్లు అటూఇటూగా వచ్చే తరంగమే ఆల్ఫా. ఇంకేం, 10 మోత వినిపిస్తే మెదడు కూడా 10కి వస్తుందన్న ఆశ పుట్టింది. 1973లో గెరాల్డ్ ఆస్టర్ రాసిన వ్యాసంతో బైనారల్ బీట్స్ మళ్లీ చర్చలోకి వచ్చాయి. 1975లో రేడియో వ్యాపారి రాబర్ట్ మన్రో శబ్దాలతో నిద్ర పుచ్చే పద్ధతికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. మా లెక్కలో శాస్త్రం సరుకుగా మారింది ఇక్కడే.

మరి పనిచేస్తాయా? ఆపరేషన్‌కు ముందు ఆందోళన తగ్గిందని కొన్ని పరీక్షల్లో తేలింది. మెదడు తరంగాలు మాత్రం ఆ మోత వెంట నడవలేదని మరికొన్ని చెప్పాయి. యాప్ వాళ్లు మొదటిదే చెబుతారు.

మన దగ్గర లయ పని వేరు. ప్రధాన్‌లు కిక్రి మీద గోండుల కథలు చెప్పినా, 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య డోలితో కోయ వంశాల కథలు పాడినా, అది ఒక్క చెవికి కాదు, కూర్చున్న గుంపుకంతా. నిద్రపుచ్చడానికీ కాదు, కథ పొడవునా జనాన్ని మెలకువగా కూర్చోబెట్టడానికి! ఫోకస్ అని ఇప్పుడు అమ్ముతున్నది అదే కదా. రామచంద్రయ్య గారు 2024లో వెళ్లిపోయారు.

ఉచితంగా దొరికేవి వినండి, సౌండ్ తక్కువ పెట్టుకోండి. డబ్బులు మాత్రం కట్టకండి. సెలవులకు ఊరెళ్లినప్పుడు డోలి, కిక్రి వాయించే పెద్దలుంటే వాళ్లను అడిగి రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి.