అబట్: కొసలు తాకే చోటు

ఇంగ్లీషు క్రియ ‘అబట్’కి డిక్షనరీ ఇచ్చే అర్థం చిన్నదే: ఆనుకొని ఉండటం. పుట్టుక వెతికితే మాత్రం దాని లోపల దొరికేది ‘చివర’. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట ఇది. ఇప్పటి ఫ్రెంచిలో కూడా ‘బూ’ అంటే కొస.

మధ్యయుగాల ఇంగ్లండులో పెద్ద పొలాన్ని సన్నగా, పొడుగ్గా ఉండే ముక్కలుగా పంచుకునేవారు. లాటిన్ దస్తావేజుల్లో ఒక్కో ముక్కని ఇలా గుర్తించేవారు: ఇది ఫలానా ఇద్దరి భూముల మధ్య ఉంది, దీని కొస ఫలానా దారికి అబట్ అవుతుంది. పొడుగు వైపులకి ‘మధ్య’, పొట్టి వైపులకి ‘అబట్’. మ్యాపు లేనిచోట ఆ రెండు మాటలే మ్యాపు. తర్వాత్తర్వాత ఏ వైపు తాకినా అబట్ అనేశారు.

ఆ మాట మన దాకా వచ్చింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్‌లో, భూమి ఏ రోడ్లకి, ఏ ఆస్తులకి అబట్ అవుతుందో రాయాలని ఉంది. మన దస్తావేజుల్లో నాలుగు హద్దులు చేసే పని అదే: తూర్పున ఫలానావారి స్థలం, పడమర బజారు. సర్వే నంబర్లు వచ్చాక కూడా ఆ నాలుగు లైన్లు పోలేదు.

తెలుగు ‘ఆనుకొని’ది ఇంకో దారి. గోడకి నిచ్చెన ఆనించినట్టు, అందులో కాస్త బరువు మోపడం ఉంది. నాది ఎక్కడ అయిపోతుందని ఇంగ్లీషు మాట అడుగుతుంది. నేను ఎవరికి ఆనుకున్నానని తెలుగు మాట అడుగుతుంది. హద్దులు రాసేటప్పుడు రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే, పక్కవాళ్ల పేరు. అది రాయకుండా నా స్థలం ఏదో చెప్పడం కష్టం.