ఒక పేరు, మూడు సొరుగులు

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగులో 16వ శతాబ్దపు స్పానిష్ వాళ్లు ముగ్గురి కోసం వెతికితే ఒక తమాషా కనిపిస్తుంది. మెక్సికోను జయించిన కోర్టెస్ అక్కడ హెర్నాన్. ఫ్లోరిడాలో దిగి, చివరికి మిసిసిపీ నది దగ్గర ప్రాణం విడిచిన డి సోటో హెర్నాండో. కొలంబస్ కొడుకు, సెవిల్ నగరంలో మహా గ్రంథాలయం కూర్చినవాడు, ఫెర్నాండో. ముగ్గురికీ పెద్దలు పెట్టిన పేరు ఒక్కటే. కేటలాగు రాసేవాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఎవరిని జనం ఏ పేరుతో ఎక్కువగా ఎరుగుదురో ఆ పేరుకిందే చేర్చాలన్నది వాళ్ల నియమం. ఈ ఒక్క పేరును ఎలా రాయాలో ఇంగ్లీషు రచయితలు నాలుగు వందల ఏళ్లకు పైగా తేల్చుకోలేకపోయారు. ఆ తగువే ఇలా సొరుగులకెక్కి కూర్చుంది.

పేరు పుట్టుక జర్మానిక్. విసిగోతులతో ఐబీరియాకు వచ్చింది. తగువు పుట్టింది మాత్రం కాస్టీల్ జనం నోట్లో. లాటిన్‌లో 'ఫ'తో మొదలయ్యే మాటల్ని వాళ్లు 'హ'తో పలకసాగారు. పిండిని లాటిన్‌లో 'ఫరీనా' అంటే కాస్టీలియన్‌లో అది 'హరీనా' అయింది. తర్వాత ఆ 'హ' కూడా అరిగిపోయి, రాతలో అక్షరం మిగిలి, పలుకులో 'అరీనా' అయింది. తెలుగువాళ్లకు ఇదేమంత వింత కాదు. అనంతపురం దాటి బళ్లారి వైపు వెళ్తే మన పాలు హాలవుతాయి, పులి హులి అవుతుంది, పల్లె హళ్లి అవుతుంది. పాత కన్నడ శాసనాల్లో అవీ 'ప'తోనే ఉండేవి. కాస్టీల్‌లో ఫెర్నాండో హెర్నాండో అయింది ఇటువంటి మార్పుతోనే. పక్కనే ఉన్న పోర్చుగల్‌కు ఈ గాలి సోకలేదు. అందుకే పోర్చుగీసువాళ్లు అడుగుపెట్టిన గోవాలో, మంగళూరులో, శ్రీలంకలో ఫెర్నాండెజ్‌లు, ఫెర్నాండోలు కనిపిస్తారు గానీ హెర్నాండెజ్‌లు కనిపించరు.

అయితే పులి హులి అయ్యాక కన్నడంలో పులి తెరమరుగైనట్టు కాస్టీల్‌లో పాత రూపం పోలేదు. రాజులకు, లాటిన్ చదివిన గుమాస్తాలకు, చర్చికి ఫెర్నాండోయే ముద్దు. వీధిలో హెర్నాండో, పత్రంలో ఫెర్నాండో. ఇంటిపేరుకు ముందు వచ్చినప్పుడు రెండింటికీ తోక తెగి ఫెర్నాన్, హెర్నాన్ అయ్యేవి. అంటే ఒకే మనిషి ఒకే రోజున నాలుగు రకాలుగా పిలిపించుకున్నా ఎవరూ వింతగా చూడని కాలం అది. 1492లో కాస్టీలియన్‌కు వ్యాకరణం రాసిన నెబ్రిహా, ఎలా పలుకుతామో అలా రాయాలి, ఎలా రాస్తామో అలా పలకాలి అని సూత్రం చెప్పాడు. 'హ' అక్షరానికి తమ భాషలో నిజమైన శబ్దం ఉందనీ చెప్పాడు. మనుషుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రాన్ని పట్టించుకున్నవాడు లేడు.

కోర్టెస్ కాగితాలే చూద్దాం. చక్రవర్తికి అతను రాసిన రెండో ఉత్తరాన్ని 1522లో సెవిల్‌లో క్రోంబెర్గర్ అచ్చువేశాడు. శీర్షికలో ఉన్నది ఫెర్నాండో. రెండేళ్లకు న్యూరెంబర్గ్‌లో దాని లాటిన్ అనువాదం వచ్చింది. లాటిన్ విభక్తికి తగ్గట్టు పేరు అందులో 'ఫెర్డినాండి' అయింది. 1529లో క్రిస్టోఫ్ వైడిట్జ్ అనే జర్మన్ కళాకారుడు అతని ముఖంతో పతకం పోసి, దాని మీద 'డాన్ ఫెర్డినాండో' అని చెక్కాడు. బతికున్న రోజుల్లో కోర్టెస్ తనను తాను చెప్పుకున్నది ఫెర్నాండో అనో హెర్నాండో అనో. నేడు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో కనిపించే 'హెర్నాన్'ను అతను తన పేరుగా పెద్దగా వాడుకున్నట్టు లేదు.

ఇక ఇంగ్లీషు సంగతి. కోర్టెస్ కథ ఇంగ్లీషు పాఠకులకు పుస్తకంగా అందింది 1578లో. గోమరా రాసిన చరిత్రను లండన్‌లో థామస్ నికొలస్ అనువదించి అచ్చువేయించాడు. శీర్షికలో అతను వాడింది 'హెర్నాండో'. నికొలస్ పండితుడు కాదు, వర్తకుడి ప్రతినిధి. కానరీ దీవుల్లో బేరసారాలు చేస్తూ స్పానిష్ వాళ్ల మధ్య బతికాడు, ఇంక్విజిషన్ వాళ్ల చెరసాల కూడా చూశాడు. ఆ భాష అతనికి సంతలోను, ఓడరేవులోను, జైలులోను చెవిన పడింది. అందుకే అతని కలానికి 'హ' వచ్చిందని నాకనిపిస్తుంది.

దీని పక్కన 1609 నాటి పుస్తకం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. డి సోటో ఫ్లోరిడా యాత్ర వృత్తాంతాన్ని రిచర్డ్ హక్లూట్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. శీర్షికలో యాత్రికుడి పేరు 'డాన్ ఫెర్డినాండో'. హక్లూట్ మతగురువు, గ్రంథాల మనిషి. అతని ముందున్న మూలం ఎల్వాస్ పట్టణపు పెద్దమనిషి ఒకడు పోర్చుగీసులో రాసి, 1557లో ఎవోరాలో అచ్చైన పుస్తకం. పోర్చుగీసులో 'ఫ' పోలేదు కాబట్టి మూలంలో 'హ' ప్రసక్తే లేదు. పైగా ఫెర్డినాండో అప్పటికే ఇంగ్లండు ఇళ్లలో ఉన్న పేరు. డెర్బీ ప్రభువు ఫెర్డినాండో స్టాన్లీ, అమెరికాలో మెయిన్ వలసకు మూలపురుషుడైన సర్ ఫెర్డినాండో గోర్జెస్ హక్లూట్ కాలం వాళ్లే. తెలిసిన పేరు చేతికి అందుతుంటే పరాయి రూపం కోసం ఎవరు వెతుకుతారు? చెవితో నేర్చినవాడు ఒకలా, పుస్తకంలో చూసినవాడు ఇంకోలా రాశారు. ఆ తర్వాతి గందరగోళమంతా ఈ రెండు దారుల్లో ఏదో ఒకదాన్ని పట్టి వచ్చిందే.

నాటకకర్తలు, కవులు చిక్కు తప్పించుకున్నారు. 1665 నాటి తన నాటకంలో డ్రైడెన్ ఇంటిపేరుతో సరిపెట్టాడు. 1816లో కీట్స్ తన సానెట్‌లో అంతే చేశాడు. చివర 'ఎస్' ఉండాల్సిన చోట 'జెడ్' పెట్టాడు, బాల్బోవా నిలబడాల్సిన కొండ మీద కోర్టెస్‌ను నిలబెట్టాడు. పద్యం మాత్రం చెక్కుచెదరలేదు.

అసలు చూడదగ్గ మనిషి విలియం ప్రెస్కాట్. బోస్టన్ సంపన్నుల బిడ్డ. హార్వర్డ్ భోజనశాలలో విద్యార్థుల అల్లరిలో ఎవరో విసిరిన రొట్టె పెంకు తగిలి ఒక కన్ను పోయింది. కొంతకాలానికి రెండోదీ బలహీనపడింది. గుడ్డివాళ్ల కోసం చేసిన నోక్టోగ్రాఫ్ అనే చట్రంలో, తీగల వరుసల మధ్య చేయి కదిలిస్తూ రాసేవాడు. చదవడానికి మాత్రం ఇంకొకరు కావాలి. మొదట కుదిరిన చదువరికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. అతనికి స్పానిష్ ఉచ్చారణ మాత్రం నేర్పి, మరియానా రాసిన స్పెయిన్ చరిత్రను ఒక్క ముక్క అర్థం కాకుండానే అతని చేత చదివించుకుంటూ ప్రెస్కాట్ పక్కన కూర్చుని విన్నాడు. స్పెయిన్ వాడు వింటే గుర్తుపట్టని ఉచ్చారణ అది. అర్థం తెలిసినవాడికి కన్ను లేదు, కన్నున్నవాడికి అర్థం తెలియదు. అమెరికాలో స్పానిష్ చరిత్ర రచన మొదలైంది ఆ గదిలోనే అంటే పెద్దగా అతిశయోక్తి కాదు.

ఆ ప్రెస్కాట్ 1837లో అచ్చువేసిన మొదటి గ్రంథం శీర్షికలో రాజు 'ఫెర్డినాండ్', రాణి 'ఇసబెల్లా'. స్పెయిన్‌లో వాళ్లు ఫెర్నాండో, ఇసబెల్. ఆరేళ్ల తర్వాత, 1843లో, మెక్సికో విజయ చరిత్ర వచ్చింది. దాని శీర్షికలో కోర్టెస్ 'హెర్నాండో'. రాసింది ఒకే చేయి, పేరు ఒకటే, పుస్తకాలు రెండు, రూపాలు రెండు. ఇది పొరపాటని నేననుకోను. రాజుల పేర్లను సొంత భాషలోకి మార్చుకోవడం ఇంగ్లీషువాళ్లకు పాత అలవాటు. ఫిలిప్, చార్లెస్ కూడా అలా వచ్చినవే. సింహాసనం మీద కూర్చున్నవాడు యూరప్ అంతటికీ బంధువు, అందుకని అతనికి ఇంగ్లీషు చొక్కా తొడగవచ్చు. అడవులు, కొండలు దాటి రాజ్యాలు పడగొట్టినవాడికి మాత్రం స్పానిష్ వాసన ఉండాలి. రొమాంటిక్ యుగపు పాఠకుడికి ఆ మొదటి 'హ'లోనే గుర్రాల డెక్కలు వినిపించి ఉంటాయి.

ఆ 1843 ఈ పేరుకు శుభవత్సరం. కోర్టెస్ ఉత్తరాలను జార్జ్ ఫోల్సమ్ న్యూయార్క్‌లో 'హెర్నాండో' పేరుతోనే ప్రచురించాడు. అదే ఏడాది ఫ్లోరిడాలో డి సోటో పేరు మీద హెర్నాండో కౌంటీ ఏర్పడింది. మరుసటి ఏడాదే అక్కడివాళ్లు ఆ పేరు తీసేసి సెనేటర్ బెంటన్ పేరు పెట్టారు. కొత్త ప్రాంతాలకు బానిసత్వం విస్తరించడాన్ని బెంటన్ వ్యతిరేకించేసరికి ఆగ్రహించి 1850లో మళ్లీ హెర్నాండోకే వచ్చారు. పేరు తిరిగి రావడంలో భాషాభిమానం ఇసుమంత లేదు. మిసిసిపీ రాష్ట్రంలో డిసోటో అనే కౌంటీ ఉంది, దాని ముఖ్యపట్టణం పేరు హెర్నాండో. ఇంటిపేరు కౌంటీకి, సొంతపేరు ఊరికి పంచిపెట్టారన్నమాట. కాలిఫోర్నియాలో ఇదే పేరు శాన్ ఫెర్నాండో అయింది. అక్కడ 1797లో ఫ్రాన్సిస్కన్లు కట్టిన మిషన్ సెయింటైన రాజు పేరు మీద వెలసింది. రాజుకు 'ఫ', యోధుడికి 'హ' అన్న పాత విభజన అమెరికా పటం మీద అలా అచ్చుపడిపోయింది.

20వ శతాబ్దం మొదట్లో హెర్నాండోకు ఒకరు ఎదురు తిరిగారు. కోర్టెస్ ఉత్తరాలను అనువదించిన ఫ్రాన్సిస్ మెక్‌నట్, 1909లో అతని జీవితచరిత్ర రాస్తూ 'ఫెర్నాండో' అన్నాడు. మూలపత్రాలతో కాలం గడిపినవాడికి వాటిలోని రూపమే సహజంగా తోచి ఉంటుంది. వెంట నడిచినవాళ్లు తక్కువ. 1940లలో మదరియాగా ఇంగ్లీషులోనే రాసిన జీవితచరిత్రతో గాలి మరో దిక్కుకు తిరిగింది. అతను స్పానిష్ వాడు, ఆక్స్‌ఫర్డ్‌లో స్పానిష్ ఆచార్యుడిగా పనిచేసినవాడు. తన దేశంలో అప్పటికి బాగా నాటుకున్న 'హెర్నాన్'నే శీర్షికకు ఎత్తుకున్నాడు. 1971లో ఉత్తరాల కొత్త అనువాదం తెచ్చిన ఆంథొనీ పాగ్డెన్, 1993లో బృహద్గ్రంథం రాసిన హ్యూ థామస్ కూడా అదే వాడారు. ఆ తర్వాత ఇంగ్లీషులో హెర్నాండో అంటే పాతకాలపు మనిషన్నట్టు చూడడం మొదలైంది.

ఇక్కడే నాకొక పేచీ ఉంది. హెర్నాన్ అని రాసి, రెండో అచ్చు మీద వాలుగీత కూడా పెడితేనే ఆ మనిషికి న్యాయం చేసినట్టని నేటి పండితులు కొందరు భావిస్తారు. ఆ గీత కోర్టెస్ ఎరుగడు. ఇలాంటి మాటల మీద గీత పెట్టే నేటి పద్ధతి స్పానిష్ అకాడమీ 1880 నాటి వ్యాకరణంతో స్థిరపడింది. ఆ అకాడమీ పుట్టిందే 1713లో. అంటే ఇంగ్లీషులో అత్యంత ప్రామాణికంగా చెలామణి అవుతున్న రూపం నేటి స్పెయిన్‌కు విధేయమైనది, 1519లో మెక్సికో తీరాన దిగినవాడికి కాదు. వాడకూడదని అనను. 'అసలు రూపం' అని పిలవకపోతే చాలు. ఆ మాటకొస్తే 1578 నాటి వర్తకుడు నికొలస్‌దే కోర్టెస్ చెవికి దగ్గరి రాత.

గీత మాత్రం చిన్న విషయం కాదని కాలిఫోర్నియాలో బిడ్డను కన్న స్పానిష్ మాట్లాడే తల్లిదండ్రులకు తెలుసు. 1986లో ఓటర్లు 63వ ప్రతిపాదనను గెలిపించి ఇంగ్లీషును రాష్ట్ర అధికార భాష చేశారు. దాని ఆధారంగా జనన ధ్రువపత్రాల్లో ఇంగ్లీషు 26 అక్షరాలకే చోటన్నారు. హెర్నాన్ ఆ కాగితం మీద గీత ఊడిపోయిన హెర్నాన్ అయ్యాడు. గీతలను అనుమతించే బిల్లు 2017లో శాసనసభ దాటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ బల్ల మీదికి వచ్చింది. మిగతా రాష్ట్ర, ఫెడరల్ రికార్డుల్లో అవి లేనప్పుడు ఇక్కడ మాత్రం పెట్టడం కష్టం, ఖర్చు అంటూ ఆయన వెనక్కి పంపాడు. పేరును ఎలా రాయాలో నికొలస్ నాడు చెవి చెప్పింది, హక్లూట్ నాడు పుస్తకం చెప్పింది, బ్రౌన్ నాడు సర్కారు రికార్డు చెప్పింది.

తెలుగులో రాసేటప్పుడు నాకూ ఈ చిక్కు తప్పలేదు. నేటి స్పానిష్‌లో 'హ' పలకదు కాబట్టి నియమం ప్రకారం 'ఎర్నాన్' అనాలి. కానీ కోర్టెస్ పుట్టిన మెడెయిన్ ఎక్స్‌ట్రెమదూరా ప్రాంతంలోది. మిగతా స్పెయిన్ వదిలేసిన ఆ 'హ' ఊపిరి ఆ ప్రాంతపు పల్లె మాటల్లో చాలాకాలం నిలిచింది. కనుక ఈ ఒక్క మనిషి విషయంలో మన 'హ' ఇంగ్లీషు నుంచి ఎరువు తెచ్చుకున్నది కానక్కర్లేదు.

కొలంబస్ కొడుకు సంగతి మిగిలింది. తండ్రి జీవితం మీద అతను రాసిన పుస్తకం 1571లో వెనిస్‌లో ఇటాలియన్ అనువాదంగా వచ్చింది. స్పానిష్ మూలం దొరకలేదు. ఇంగ్లీషులో అతను చాలాకాలం 'ఫెర్డినాండ్ కొలంబస్'గానే ఉన్నాడు. 1959లో బెంజమిన్ కీన్ అనువాదం కూడా ఫెర్డినాండ్ అనే అంది. 2018లో అతని గ్రంథాలయ కథ చెప్పిన ఎడ్వర్డ్ విల్సన్-లీ అతన్ని 'హెర్నాండో కొలోన్' చేశాడు. తండ్రి మాత్రం కొలంబస్‌గానే మిగిలాడు. ఒకే పుస్తకంలో తండ్రీకొడుకులకు ఇంటిపేర్లు రెండు. కొన్న ప్రతి పుస్తకంలో ఎక్కడ కొన్నదీ, ఎంత పెట్టి కొన్నదీ రాసుకుని, వేల గ్రంథాలకు జాబితాల మీద జాబితాలు తయారుచేయించిన మనిషి అతను. ఆ మనిషి మీద వచ్చిన ఈ పుస్తకం కావాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఇప్పటికీ ఫెర్నాండో సొరుగే లాగాలి.