కుంగుబాటుకు మందు, ఊరికి దారి

1952లో న్యూయార్క్‌ సీ వ్యూ ఆసుపత్రిలో క్షయకు వాడిన ఇప్రోనియజిడ్ రోగులలో ఉత్సాహం రేపింది; 1957 నాటికి అది కుంగుబాటుకు మందయింది. మందు దొరికింది కాని, పల్లెకు మానసిక వైద్యుడు దొరకలేదు.

ఆ లోటు తీర్చే దారి వెదుకుతూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాలకు వెళ్లారు. ఆశా కార్యకర్తలు టాబ్లెట్‌తో ఇంటింటికీ తిరిగి నిద్ర, ఆకలి, నిరాశల గురించి అడిగారు. అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. లక్షణాలున్నవారిలో వైద్యసేవ పొందినవారు 0.8 నుంచి 12.6 శాతానికి పెరిగారని 2017లో ప్రకటించారు. పోల్చిచూడడానికి వేరే గ్రామాలు లేవు గనుక ఆ అంకెను కాస్త ఆచితూచి చదవాలి. పరికరంతో పాటు ఊళ్లలో నాటకాలూ వేయించారు. ‘పిచ్చి’ అన్న మాటకు జడిసే ఇల్లు టాబ్లెట్‌ను చూసి తలుపు తీయదు మరి.

అదే గోదావరి సీమ నుంచి బహ్రెయిన్‌కు ఇంటిపనికి వెళ్లిన స్త్రీ చేతిలో ఫోను ఉంది. ఆమె తలుపు తట్టే ఆశా కార్యకర్త లేదు.