నవ్వే ఆడది, ఏడ్చే మగవాడు



మన పెద్దవాళ్ళు చెప్పే సామెత ఒకటి మీరంతా వినే వుంటారు. నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదట! ఆ మాట మనమూ ఎన్నోసార్లు అనేసి వుంటాం. కాస్త నిదానంగా ఆలోచించండి. సంతోషం కలిగితే నవ్వడం, దుఃఖం కలిగితే ఏడవడం మనిషిగా పుట్టిన ప్రతివాళ్ళకూ సహజమే గదా! ఈ సామెత ఆడవాళ్ళ దగ్గరనుంచి నవ్వునూ, మగవాళ్ళ దగ్గరనుంచి ఏడుపునూ లాగేసుకుంది.

ఓర్పు, సిగ్గు, భయం, సేవ ఆడవాళ్ళ గుణాలనీ, ధైర్యం, పట్టుదల, పెత్తనం మగవాళ్ళ గుణాలనీ చిన్నప్పటినుంచీ వింటూ వచ్చాం. ఇవి పుట్టుకతో వచ్చినవా, పెంపకంతో వచ్చినవా? ఈ పంపకం వల్ల మనం సుఖపడ్డామా? ఈ ప్రశ్నలకు మన చరిత్రలోనే కొంత జవాబు దొరుకుతుంది.

మొదట ఓరుగల్లు వెళదాం. కాకతీయ గణపతిదేవుడి తరవాత ఆయన కుమార్తె రుద్రమదేవి రాజ్యభారం వహించింది. 1262 ప్రాంతం నుంచి 1289 దాకా ఆమె పాలన సాగింది. దేవగిరి యాదవ రాజు దండెత్తి వస్తే తిప్పికొట్టింది. ఆడది పాలించడమేమిటని ఎదురు తిరిగినవాళ్ళను అణచింది. మార్కోపోలో అనే వెనిస్ యాత్రికుడు మోటుపల్లి రాజ్యాన్ని గురించి రాస్తూ, ఆ రాణి న్యాయాన్నీ శాంతినీ ప్రేమించేదని మెచ్చుకున్నాడు. ఇంత చేసిన మనిషి పేరు శాసనాల్లో ఎలా వున్నదో తెలుసా? "రుద్రదేవ మహారాజు" అని! ధైర్యానికీ, పరిపాలనకూ ఆమెలో కొరత లేదు. అయినా ఆ గుణాలను ఆడపేరుతో చూడడానికి లోకం సిద్ధంగా లేదు. అందుకని ఆమె మగపేరు పెట్టుకోవలసి వచ్చింది. చివరికి వృద్ధాప్యంలో కూడా అంబదేవుడి తిరుగుబాటును ఎదుర్కొన్నది. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి శాసనం నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికింది. ఇప్పుడు చెప్పండి, ధైర్యం మగవాడి సొత్తేనా?

రాణుల సంగతి వేరు, మామూలు ఇళ్ళల్లో ఆడవాళ్ళ మాటేమిటి అంటారేమో. అయితే తరిగొండ వెంగమాంబ గారి కథ వినండి. ఆమె 1730లో చిత్తూరు సీమలోని తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళి అయింది, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ కాలంలో అలాంటి పిల్లకు లోకం నిర్ణయించిన బతుకు ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. తల గొరిగించుకుని, ఒక మూల కూర్చుని, ఎవరికీ ఎదురుపడకుండా రోజులు వెళ్ళదియ్యాలి. ఆమె అందుకు ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడే అన్నది. నానా మాటలూ పడింది. చివరికి తిరుమల చేరుకుని, అక్కడే వుండి, వేంకటాచల మాహాత్మ్యం మొదలుకొని ఎన్నో గ్రంథాలు రాసింది. 1817లో పరమపదించింది. ఈనాటికీ కొండమీద రాత్రి ఏకాంతసేవ వేళ ఆమె పేర ముత్యాల హారతి ఇస్తున్నారు. ఏ మనిషిని అశుభమని మూల కూర్చోమన్నారో, ఆమె హారతితోనే స్వామివారికి రోజు ముగుస్తుంది!

ఇక సిగ్గు సంగతికి వద్దాం. సిగ్గు ఆడదానికి ఆభరణం అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి వుండేది. రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం రాసింది. రాధ అలకనూ, ఆమె కోరికనూ, ఆమెను బుజ్జగించే కృష్ణుణ్ణీ నిస్సంకోచంగా వర్ణించింది. తరవాతి కాలంలో కందుకూరి వీరేశలింగం గారంతటి సంస్కర్తకు కూడా ఒక ఆడది ఇలా రాయడం నచ్చలేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఆ పుస్తకాన్ని పరిష్కరించి అచ్చువేయిస్తూ, ఎంత సూటిగా అడిగారనుకున్నారు! సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కరలేదా, వాళ్ళు శృంగారం రాస్తే లేని తప్పు ఈమె రాస్తే ఎలా వచ్చింది అని. మరుసటి సంవత్సరం ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి చలవవల్ల ఆ నిషేధం తొలగిపోయింది. ఒకే గుణాన్ని ఒకరికి ఆభరణమనీ, ఇంకొకరికి అక్కరలేదనీ అనడం ప్రకృతి నియమం కాదు, మనం కల్పించుకున్న మర్యాద అని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ కావాలా?

ఆ నాగరత్నమ్మ గారే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన సొంత సొమ్ముతో ఆలయం కట్టించారు. ఆరాధనలో ఆడవాళ్ళు పాడరాదని అడ్డుకున్న రోజుల్లో, వాళ్ళు పాడడానికి దారి చేశారు. 1952లో ఆమె కన్నుమూశారు. ఆమె సమాధి కూడా ఆ స్వామి సన్నిధిలోనే వుంది.

ఇంకొక్క ఇల్లాలిని తలుచుకుందాం. భండారు అచ్చమాంబ 1874లో నందిగామలో పుట్టింది. బడికి వెళ్ళి చదివింది కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూ వుంటే, ఆ పక్కనే తానూ నేర్చుకుంది. తెలుగే గాక హిందీ, మరాఠీ కూడా నేర్చింది. మన దేశపు స్త్రీల జీవిత చరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" అనే పుస్తకం రాసింది. ఎందుకు రాసిందంటే, స్త్రీలు బలహీనులు, బుద్ధి తక్కువవాళ్ళు, చదివిస్తే చెడిపోతారు అనే మాటలు అబద్ధమని నిరూపించడానికి. వూరికే వాదించి వూరుకోలేదు, పేరు పేరునా సాక్ష్యం తెచ్చి చూపించింది. 1902లో బందరులో స్త్రీ సమాజం స్థాపించింది. కన్నబిడ్డలు పోయిన దుఃఖాన్ని కడుపులో పెట్టుకునే ఇదంతా చేసింది. 1905లో, ముప్ఫయ్యేళ్ళకే వెళ్ళిపోయింది.

వీళ్ళల్లో ఎవరు సుఖపడ్డారు గనక అని మీకు సందేహం రావచ్చు. నిజమే, కష్టం లేని బతుకు వీళ్ళల్లో ఒక్కరికీ లేదు. కానీ సుఖమంటే కష్టం లేకపోవడం ఒక్కటే కాదు గదా! తనలో వున్న శక్తిని తాను వాడుకోగలిగిన మనిషికి కష్టంలో కూడా ఒక నిబ్బరం వుంటుంది. అది లేనివాళ్ళకు పట్టుచీరలూ, నగలూ, నిండిన ఇల్లూ వున్నా లోపల ఏదో వెలితిగానే వుంటుంది.

ఈ సంగతిని పండితులు కూడా పరిశీలించారు. మార్గరెట్ మీడ్ అనే అమెరికా శాస్త్రవేత్త న్యూగినీ దీవిలో మూడు తెగల మధ్య నివసించి 1935లో ఒక పుస్తకం వెలువరించింది. ఒక తెగలో ఆడా మగా ఇద్దరూ సాధువులే. ఇంకొక తెగలో ఇద్దరూ కోపిష్ఠులే. మూడోదానిలో చేపలు పట్టడం, సంపాదన ఆడవాళ్ళవి, అలంకారాలూ, వేడుకలూ మగవాళ్ళవి! ఆమె నిర్ణయాలు కొన్నింటితో తరవాతివారు ఏకీభవించలేదు గాని, గుణాలను తీర్చిదిద్దడంలో సంస్కృతి పాత్ర ఎంతో వున్నదన్న ఆలోచన మాత్రం నిలిచింది. 1974లో సాండ్రా బెమ్ అనే ఆమె, మగ లక్షణాలనేవీ ఆడ లక్షణాలనేవీ రెండూ ఒకే మనిషిలో వుండవచ్చునని చెప్పి, వాటిని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేసింది. తరవాతి పరిశోధనల్లో తేలిన సంగతి మనబోటివాళ్ళకు ముఖ్యం. ఆత్మవిశ్వాసం, సొంత నిర్ణయం తీసుకునే శక్తి వున్నవాళ్ళు, ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా, మనసులో ఎక్కువ నెమ్మదిగా వుంటారట. ఆప్యాయత, జాలి వున్నవాళ్ళకు నలుగురితో సంబంధాలు బాగుంటాయట. అయితే తనను తాను పూర్తిగా మరిచిపోయి ఎప్పుడూ ఇతరుల గురించే బెంగపెట్టుకునేవాళ్ళకు దిగులు ఎక్కువవుతుందట. చూశారా! సేవ చేయడంలో తప్పు లేదు. కానీ అందరికీ వడ్డించి, చివరికి తన విస్తరి వేసుకోవడమే మరిచిపోతేనే చిక్కు.

మరి మగవాళ్ళ సంగతి? సామెతలో వాళ్ళ సగం కూడా వుంది గదా! వాల్మీకి రామాయణంలో సీత కనబడక రాముడు చెట్టునూ పుట్టనూ అడుగుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. మగతనం పోయిందని ఆయన అనుకోలేదు, మనమూ అనుకోవడం లేదు, దేవుడని పూజిస్తున్నాం. మరి మన ఇంట్లో మగపిల్లవాడు కన్నీరు పెడితే మాత్రం "ఆడపిల్లలా ఏమిట్రా ఆ ఏడుపు" అంటాం. ఆ ఒక్క మాటలో ఇద్దరికీ అన్యాయం జరుగుతున్నది. వాడికి ఏడ్చే హక్కు పోయింది. పక్కనే నిలబడి విన్న ఆడపిల్లకు, తన పుట్టుకే ఒక తిట్టు అని తెలిసింది. పెద్దయ్యాక ఆ మగవాడే తన బాధ ఎవరితోనూ చెప్పుకోలేక కోపంగా కక్కుతాడు. ఆ కోపాన్ని భరించేది మళ్ళీ ఇంట్లోవాళ్ళే.

ఈ మర్యాదలను కాపాడుతున్నది ఎక్కువగా మనమే. గట్టిగా నవ్విన కూతురికి "ఇరుగుపొరుగు వింటారే" అని చెప్పేది మనమే. కొడుకు వంటింట్లోకి వస్తే "నీకెందుకురా" అని పంపేసేది మనమే. అందుకని మార్పు కూడా మన చేతుల్లోనే వుంది. కొడుకు ఏడిస్తే దగ్గరికి తీసుకుని ఎందుకో అడగండి, వాడికి ఒక కూర చెయ్యడం నేర్పండి. కూతుర్ని కరెంటు బిల్లు కట్టి రమ్మని పంపండి. మీకోసం కూడా రోజులో ఒక గంట, పుస్తకానికో పాటకో స్నేహితురాలికో, దాచి పెట్టుకోండి. అది స్వార్థం కాదు. అచ్చమాంబ గారు కూడా తమ్ముడి పక్కన కూర్చుని అలాంటి గంటల్లోనే అక్షరాలు దిద్దుకున్నారు.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ఆ పాత సామెత అంటే, కోప్పడకండి. హాయిగా ఒక్కసారి నవ్వెయ్యండి. సెలవు.