లింగాలలో సముద్రం కలుపుకోవాలంటే

నల్లమల అంచున ఉన్న లింగాలలో సీతాకోకచిలుక చేపను పెంచాలంటే ముందు సముద్రాన్ని కలుపుకోవాలి. ఆ విద్య పాతదే. తీరానికి దూరంగా ఉన్నవాళ్లూ సముద్రజీవుల్ని పెంచుకోవాలని ఇంగ్లండుకు చెందిన ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో కృత్రిమ సముద్రపు నీళ్లకు కొలతలు ప్రకటించాడు: మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్. అంతకు ముందు ఏడే లండన్ జూలో జనం చూసేందుకు అక్వేరియం తెరిచారు.

గాస్ పెంచినవి చల్లటి నీళ్ల జీవులు. మన చేపది వెచ్చటి పగడపు దిబ్బ. దాని కీటోడాన్ ప్రజాతికి లిన్నేయస్ 1758లోనే పేరు పెట్టాడు. విశాఖపట్నంలో రెండు వందల చేపలకు బొమ్మలు గీయించి, అక్కడివాళ్లు పిలిచే పేర్లతో సహా పాట్రిక్ రస్సెల్ 1803లో పుస్తకం వేశాడు. తెలుగు తీరపు చేపల మీద అంతటి శ్రద్ధ పెట్టినందుకు ఆయన్ని మనం ఇంకా ఎక్కువగా తలుచుకోవాలి.

ఇళ్లలోకి ఈ చేపలు బాగా చేరింది విమానాలు, ప్లాస్టిక్ సంచులు, ఉప్పు ప్యాకెట్లు వచ్చాకే. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్, జీవులు పట్టి ఉన్న రాళ్లను తొట్టిలో పెడితే నీళ్లు వాటంతటవే శుభ్రపడతాయని రాశాడు. దాంతో తొట్లలో పగడాలూ బతకసాగాయి. చిక్కు అక్కడే మొదలైంది. సుమారు 130 జాతుల సీతాకోకచిలుక చేపల్లో చాలావాటికి ఆ పగడాలే తిండి. కొన్నైతే పగడం తప్ప మరొకటి ముట్టవు. రొయ్య ముక్క ఎదురుగా ఉన్నా ఆకలితో చచ్చిపోతాయి. నూట యాభై ఏళ్లు దాటిన విద్య ఉప్పునూ వెలుగునూ వేడినీ అదుపు చేసింది గానీ ఈ నోటిని మార్చలేకపోయింది.

పిల్లల్ని పెంచడమూ కష్టమే. తల మీద ఎముక పలకలతో ఉండే ఆ పిల్లలు వారాల తరబడి నడిసముద్రంలో తేలుతూ ఎదుగుతాయి. అందుకే అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ దిబ్బల మీద పట్టినవే. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. వాటిని సముద్రం నుంచి తెచ్చుకోవడం నేరం.

లింగాలలో 400 లీటర్ల తొట్టికి దాదాపు 14 కిలోల ఉప్పు, ఆర్వో నీళ్లు, వేసవికి చిల్లరు, కరెంటు పోతే ఇన్వర్టరు కావాలి. అంత చేయగలిగితే సీతాకోకచిలుక చేపల్లోనే హెనియోకస్ ప్రజాతిలో నీళ్లలో తేలే చిన్న జీవుల్ని తినే రకాన్ని ఎంచుకోండి. దుకాణంలో మీ కళ్లముందు మేత తినని చేపను మాత్రం కొనొద్దు.