డ్రైవింగ్ స్కూల్లో చేరుతున్నారా? గంటల లెక్క అడగండి

జగ్గయ్యపేట, నందిగామల్లో కారు నేర్చుకునేవారికి 65వ నంబరు జాతీయ రహదారి తప్పదు. హైదరాబాద్-విజయవాడ బస్సులు, లారీల మధ్య మీరు తడబడితే బండి ఆపాల్సింది పక్క సీట్లోని ట్రైనరే. అందుకే స్కూలు కారులో ఆయన వైపూ బ్రేకు ఉండాలి. ఫీజు కట్టే ముందే చూసుకోండి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989 ప్రకారం కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు. అందులో స్వయంగా నడపాల్సింది కనీసం 10 గంటలు. అసలు మెలిక ఇక్కడే. గంట క్లాసును నలుగురు పంచుకుంటే మీ వంతు పావుగంట. 21 రోజులకు అయిదుంబావు గంటలే! ఎవరు ఎంతసేపు నడిపారో స్కూలు ఫారం-15 రిజిస్టర్‌లో రాయాలి. అడిగి చూడండి.

‘లైసెన్స్ మా పూచీ’ అని మభ్యపెట్టడమూ నిబంధనలకు విరుద్ధమే. భద్రతా లోపాలపై రవాణా శాఖ కార్యాలయంలో, ఫీజు తగాదాలపై 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. రసీదు మాత్రం దగ్గరుంచుకోండి.