పాటకు కొసరు

1983లో పీట్ షెల్లీ పాటల రికార్డు 'ఎక్స్‌ఎల్1' బ్రిటన్‌లో విడుదలైంది. పాటలన్నీ అయిపోయాక కూడా అందులో ఇంకొక గాడి మిగిలి ఉంటుంది. సూది తనంతట తాను అందులోకి పోకుండా రికార్డును ప్రత్యేకంగా కోశారు. చేత్తో ఎత్తి అక్కడ పెడితేనే మోగుతుంది, అదీ పాట కాదు, చెవులు గింగురుమనిపించే కీచురొద. ఆ రొదే జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రామ్. ముందు దాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి లోడ్ చేసుకోవాలి. తర్వాత రికార్డును మొదటి నుంచి పెట్టి, సరిగ్గా పాట మొదలయ్యే క్షణంలో మీట నొక్కాలి. అప్పుడు పాటలోని మాటలు, రంగుల బొమ్మలు టీవీ తెర మీద పాటతో పాటు కదిలేవి.

అంత కష్టం ఎందుకు పడ్డారో సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు కొనుక్కున్న తెలుగు ప్రేక్షకులకు వేరే చెప్పక్కర్లేదు. నటీనటుల పేర్లు, సగం కథ, మిగతాది వెండితెర మీద చూడమనే ఊరింపు, ఆ వెనక పాటలు. విన్న పాటను చేతిలో పట్టుకుని చదువుకోవాలన్న కోరికే రెండు చోట్లా ఉంది.

ఈ కోరికకు పండితుల స్థాయిలో రూపమిచ్చింది అమెరికాలోని వాయేజర్ కంపెనీ. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ సీడీకి తోడుగా సంగీత ఆచార్యుడు రాబర్ట్ వింటర్ తయారుచేసిన ప్రోగ్రామ్‌ను 1989లో విడుదల చేసింది. మెకింతోష్ కంప్యూటర్‌లో హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఆ ప్రోగ్రామ్‌లో సింఫనీ సాగుతుంటే, ఇప్పుడు వినిపిస్తున్న ఘట్టంలో ఏం జరుగుతోందో తెర మీద వ్యాఖ్యానం వచ్చేది. నచ్చిన చోటికి వెళ్లి మళ్లీ వినవచ్చు. పాఠం చెప్పే గురువు పక్కనే కూర్చున్నట్టుండే అలాంటి కొసరు ఆ తర్వాత అరుదుగానే వచ్చింది.

మామూలు పాటల సీడీలో బొమ్మల్ని ఇమడ్చడం మాత్రం చిక్కయింది. తొలి డిస్కుల్లో కంప్యూటర్ డేటాను మొదటి ట్రాకులో పెట్టేవారు. కొన్ని సీడీ ప్లేయర్లు దాన్నీ పాటే అనుకుని మోగిస్తే భరించలేని రొద వచ్చేది, స్పీకర్లకూ ముప్పే. 1995లో ఫిలిప్స్, సోనీ కంపెనీల 'బ్లూ బుక్' ప్రమాణం ఈ సమస్యకు తేలికైన దారి చూపింది. డిస్కును సెషన్లు అనే విడి భాగాలుగా రాస్తారు: పాటలు మొదటి సెషన్‌లో, డేటా రెండో సెషన్‌లో. పాటల ప్లేయర్ మొదటి సెషన్‌తోనే ఆగిపోతుంది, కంప్యూటర్ రెండో దాన్నీ చదువుతుంది. దాంతో వీడియోలు, ఇంటర్వ్యూలు, ఫొటోలు నింపుకుని 'ఎన్‌హాన్స్‌డ్ సీడీ'లు వచ్చాయి.

సీడీని కంప్యూటర్‌లో పెట్టే ఈ అలవాటును గట్టిగా దెబ్బతీసింది రికార్డుల సంస్థ సోనీ బీఎంజీయే. ఆ సంస్థ డిస్కులు కొన్నింటిని విండోస్ కంప్యూటర్‌లో వినాలంటే వాటితో వచ్చిన ప్లేయర్‌నే వాడాలి. కాపీలను అడ్డుకునే ఒక సాఫ్ట్‌వేర్ దాని వెంట చొరబడి, తన జాడ కనిపించకుండా దాక్కునేది. 2005 అక్టోబరు 31న కంప్యూటర్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ ఈ సంగతి బయటపెట్టాక, సంస్థ ఆ డిస్కుల్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. డబ్బిచ్చి కొన్న శ్రోతకు ఇంతకన్నా అవమానం ఉండదు.

అప్పటికే సీడీల కాలం వాలిపోతోంది. 2003లో ఆపిల్ మొదలుపెట్టిన ఐట్యూన్స్ స్టోరులో జనం తమకు నచ్చిన ఒక్క పాటే ఏరుకుని కొనడం నేర్చారు. ఆల్బమ్ మొత్తంగా అమ్ముడవడానికి ఆపిల్ 2009 సెప్టెంబరులో 'ఐట్యూన్స్ ఎల్పీ' తెచ్చింది. మొదట వచ్చినవాటిలో బాబ్ డిలన్, ది డోర్స్ ఆల్బమ్‌లున్నాయి. పాటల సాహిత్యం, ఫొటోలు, వీడియోలు అన్నీ అందులో ఉన్నా ఐపాడ్‌లో, ఐఫోన్‌లో మాత్రం తెరుచుకునేది కాదు. జనం పాటలు వింటున్నదేమో వాటిలోనే. కంప్యూటర్ ముందు కూర్చుని పాట చూసే తీరిక ఎందరికుంటుంది? 2018లో ఆపిల్ కొత్త ఎల్పీలు తీసుకోవడం మానేసింది.

ఈ చరిత్రలో అందరికంటే ఎక్కువ సాహసం చేసింది ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్. 2011లో వచ్చిన ఆమె 'బయోఫీలియా'లో పది పాటలకూ పది యాప్‌లు. పరిచయ వాక్యాలకు గొంతు ఇచ్చినవాడు ప్రకృతి డాక్యుమెంటరీల వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో. వాటిలో 'వైరస్' పాటకు ఒక ఆట ఉంది. తెర మధ్యలో ఒక కణం, దాని మీదికి వచ్చిపడే వైరస్‌లు. వేలితో వాటిని తరిమికొట్టి కణాన్ని కాపాడుతూ పోతే పాట ముందుకు సాగదు. చివరిదాకా వినాలంటే ఆటలో ఓడిపోవాలి. కణం మీద ప్రేమతోనే దాన్ని నాశనం చేసే వైరస్ కథ ఆ పాట. ఆ సంగతి వినేవాళ్ల వేళ్లకే తెలిసొచ్చేలా చేశారు. ఇక్కడ బొమ్మ పాటకు అలంకారం కాదు, పాటలో సగం. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 2014లో 'బయోఫీలియా'ను తన సేకరణలో చేర్చుకుంది. ఆ మ్యూజియం చేర్చుకున్న మొదటి యాప్ ఇదే.

90ల నాటి సీడీలకు అలాంటి కాపలా లేదు. విండోస్ 95 కాలం నాటి ప్రోగ్రామ్‌లు ఇవాళ్టి కంప్యూటర్లలో చాలావరకు నడవవు, కొత్త ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే ఉండటం లేదు. పాత సీడీల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవాళ్లు కూడా పాటల్ని మాత్రమే తీసుకుని రెండో సెషన్‌ను వదిలేస్తున్నారు. డిస్కును మొత్తంగా ఇమేజ్ తీసి దాస్తే, పాత యంత్రాల్ని అనుకరించే ఎమ్యులేటర్ల మీద ఆ బొమ్మలు మళ్లీ కదిలే వీలుంది. డిస్కులు ఇంకా చదవడానికి వస్తున్నప్పుడే ఆ పని జరగాలి.